భీమిలి దాకా సైకిలు... మళ్ళీ ఇంటి దాకా!

విశాఖపట్నం వెళ్ళని తెలుగువాళ్ళు ఉంటే ఉండొచ్చు గాని, విశాఖపట్నం చూడని సినిమా ప్రేక్షకుడు మాత్రం ఉండడు! హీరో మోటారు సైకిలు మీద సముద్రం పక్కన దూసుకుపోతున్నాడంటే, వెనకాల కొండా, పక్కన కెరటమూ ఒకే ఫ్రేములో పడ్డాయంటే, అది చాలామటుకు మన విశాఖ - భీమిలి రోడ్డే. 1978లో బాలచందర్ గారు 'మరోచరిత్ర' తీసి కమల్ హాసన్‌నీ, సరితనీ ఈ తీరం మీద పరుగులు పెట్టించారు. నేను పుట్టడానికి చాలా ఏళ్ళ ముందు వచ్చిన సినిమా అది. అయినా టీవీలో ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు చూశాను. తర్వాత 1981లో ఆయనే దాన్ని హిందీలో 'ఏక్ దూజే కే లియే'గా తీశారు. 2010లో తెలుగులోనే మళ్ళీ తీశారు. కథ ఎన్నిసార్లు మారినా మొదటి సినిమాలోని సముద్రాన్ని మాత్రం ఎవరూ మరిచిపోలేదు.

ఒక్కటే లోటు. ఆ సినిమా నలుపు తెలుపుల్లో తీశారు! ఈ సముద్రం ఏ వేళకి ఏ రంగులో ఉంటుందో, భీమిలి దారిలో మట్టి ఎంత ఎర్రగా ఉంటుందో మీరు స్వయంగా వచ్చి చూడాల్సిందే. కారులో వస్తే అద్దం అడ్డం. బస్సులో వస్తే కిటికీ సీటు దొరకాలి. బైకు మీద వస్తే గంటలో అయిపోతుంది. అందుకే నా సలహా - సైకిలు మీద రండి. వెళ్ళిన దారినే తిరిగి రాకుండా ఒక చుట్టు చుట్టి రండి.

ఆ చుట్టు ఎలా చుట్టాలన్నదే ఈ వ్యాసం. మా ఇంట్లో దీని మీద నెల రోజులు పెద్ద గలాటా జరిగింది. కాబట్టి నేను చెప్పేవన్నీ నలుగురూ వాదించుకుని తేల్చిన సంగతులే సుమా!

ముందు స్క్రీన్ ప్లే!

మా మేనకోడలికి పద్దెనిమిదేళ్ళు. కాలేజీలో చేరగానే గేరు సైకిలు కొనుక్కుంది. "మావయ్యా, భీమిలి చుట్టి రావాలి, రూటు నువ్వు వెయ్యి" అని నా పీకల మీద కూర్చుంది. ఊళ్ళు తిరిగి రాసుకునేవాణ్ణి కదా, నాకిది వెన్నతో పెట్టిన విద్య అనుకుంది కాబోలు. కాగితం తీసుకుని గీశాను. రామకృష్ణా బీచ్ దగ్గర బయల్దేరి సముద్రం పక్కనే భీమిలి దాకా సుమారు 30 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి లోపలికి తిరిగి చిట్టివలస మీదుగా తగరపువలస ఓ ఏడు. తగరపువలసలో పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కి ఆనందపురం, మధురవాడ, ఎండాడ దాటి హనుమంతవాక దాకా దాదాపు పాతిక. ఆ తర్వాత ఊళ్ళో పడి మళ్ళీ బీచ్. మొత్తం కలిపి అటూ ఇటూగా 65 కిలోమీటర్లు.

కాగితం చూసి మేనకోడలు గెంతులేసింది. మా అక్క మాత్రం 'తగరపువలస' అన్న మాట మీద వేలు పెట్టి, "ఇదేటిరా ఇది?" అంది.

ఆ వేలు ఎందుకక్కడ ఆగిందో నాకు తెలుసు. 2011లో మా బావ అదే హైవే మీద, తగరపువలసకీ ఆనందపురానికీ మధ్య, సైకిలు మీద వస్తున్నాడు. రోజూ వచ్చే దారే. వెనకనుంచి వచ్చిన లారీ తగల్లేదు. పక్కనుంచి పోయిందంతే. ఆ గాలి తోపుకి సైకిలు కంకర్లోకి జారింది. కుడిచెయ్యి రెండుచోట్ల విరిగింది. లారీ ఆగలేదు. అప్పటికి పాప నాలుగేళ్ళది. ఆ సైకిలు అమ్మేశారు. బావ మళ్ళీ సైకిలెక్కలేదు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు కూడా.

"సముద్రం పక్కన ఎంతదూరం పోతారో పోండి. ఆ రోడ్డెక్కితే మాత్రం నేను ఒప్పుకోను" అని అక్క తేల్చేసింది. "వెళ్ళిన దారినే తిరిగొస్తే అది చుట్టెలా అవుతుందమ్మా?" అని కూతురు. ఇద్దరి మధ్యా నేను!

గాలి ఎటు? బండ్లు ఎటు?

సరే, అసలు ఎటునుంచి ఎటు చుట్టాలన్నది మొదటి ప్రశ్న. మనం రోడ్డుకి ఎడమపక్క నడిచేవాళ్ళం. భీమిలి వైపు వెళ్ళేటప్పుడు సముద్రం కుడిపక్క ఉంటుంది. అంటే మీకూ కెరటానికీ మధ్య ఎదురొచ్చే బండ్లుంటాయి. హైవే మీద ముందు వెళ్ళిపోయి బీచ్ రోడ్డు మీద తిరిగొస్తే సముద్రం మీ ఎడంచేతి పక్కనే, ఏ అడ్డూ లేకుండా ఉంటుంది. చూడ్డానికి అదే అందం. కాని అలా చెయ్యాలంటే చీకట్లో హైవే ఎక్కాలి. ఆ మాటకి అక్క మొహం చూసి నేనే కొట్టేశాను. పైగా సూర్యుడు సముద్రంలోంచి పైకొచ్చే వేళకి మనం హైవే మీద లారీ వెనక పొగ పీలుస్తూ ఉంటే ఏం లాభం?

రెండోది గాలి. సైకిలుకి అసలు విలన్ కొండ కాదు, ఎదురుగాలి! కొండకైతే అవతల దిగుడు ఉంటుంది. ఎదురుగాలికి అవతల అనేది లేదు. ఈ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. భీమిలికి వెళ్ళేటప్పుడు వీపు తట్టి పంపిస్తుంది, తిరిగొచ్చేటప్పుడు మొహం మీద కొడుతుంది. చలికాలంలో ఉత్తరం, ఈశాన్యం గాలులు. వెళ్ళేటప్పుడు కొంచెం కష్టం, కాళ్ళు అలిసిపోయి తిరిగొచ్చేటప్పుడు సాయం. ఇది పైకానికి కట్టిన వడ్డీ లాంటిది. ముందు కష్టపడితే తర్వాత చేతికొస్తుంది. ఏ నెలలోనైనా సరే, ఎండ ముదిరేకొద్దీ సముద్రం మీంచి గాలి లేస్తుంది. కనక బీచ్ రోడ్డు పని తెల్లవారగట్లే పూర్తి చేసుకోవాలి.

అలా తేలింది - చలికాలం, ఆదివారం, ముందు సముద్రం, తర్వాత ఊళ్ళు. ఇక మిగిలింది ఆ తగరపువలస - ఆనందపురం ముక్క.

హీరోకి డూప్!

ఆనందపురం నుంచి ఇటు పరవాలేదని నేను వాదించాను. ఆనందపురం దగ్గర్నించి సబ్బవరం మీదుగా అనకాపల్లికి ఆరు వరసల రోడ్డు పడింది. ఊరి పని లేకుండా దూరాలు పోయే లారీలు అటు తిరిగిపోవడానికి దారి దొరికింది. మధురవాడ దగ్గర్నుంచి చాలాచోట్ల పక్కన సర్వీసు రోడ్డు కూడా ఉంది. కాని తగరపువలస నుంచి ఆనందపురం దాకా ఉన్న ఆ ఏడెనిమిది కిలోమీటర్లలో అన్ని లారీలూ ఒకే దారిన పోవాలి. దానికి నా దగ్గర జవాబు లేదు.

అంతవరకూ పేపరు చదువుకుంటున్న బావ అప్పుడు నోరు విప్పాడు.

"ఏమోయ్ జర్నలిస్టూ, సినిమాల్లో కొండమీంచి దూకే సీనుకి హీరోకి డూప్ పెడతారా లేదా?"

"పెడతారు."

"మరి ఈ ఏడు కిలోమీటర్లకి డూప్ పెట్టండి. తగరపువలసలో ట్రాలీ ఆటో దొరుకుతుంది. సైకిళ్ళు దాంట్లో పడేసి ఆనందపురంలో దించుకోండి."

"అది మోసం నాన్నా!" అని మేనకోడలు. "టికెట్టు కొన్నవాడికి కథ కావాలమ్మా, నీ ఎముకలెందుకు?" అని బావ. పద్నాలుగేళ్ళలో ఆ రోడ్డు గురించి ఆయన మాట్లాడ్డం అదే మొదటిసారి. అక్క వంటింట్లోకి వెళ్ళిపోయి, కాసేపటికి నాలుగు గ్లాసుల టీ పట్టుకొచ్చింది. ఒప్పుకున్నట్టే!

అయితే రెండు షరతులు పెట్టింది. భీమిలి చేరగానే ఫోను చెయ్యాలి. బావ స్కూటరు మీద భీమిలికొచ్చి, అక్కణ్ణుంచి వెనకాలే రావాలి.

ఫస్టాఫ్: సముద్రం కుడిపక్క

జనవరిలో ఓ ఆదివారం, ఐదున్నరకి రామకృష్ణా బీచ్. అప్పటికే నడకకొచ్చిన వాళ్ళు బిలబిల్లాడుతున్నారు. ఒడ్డున కురుసుర జలాంతర్గామి చీకట్లో తిమింగలంలా పడుకుని ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, 2002 నుంచి మ్యూజియంగా మారిన ఓడ. ఇక్కడ వేగం పనికిరాదు. గంట కొట్టుకుంటూ మెల్లిగా సాగాలి.

జాలరిపేట, లాసన్స్ బే దాటాక కైలాసగిరి కింద రోడ్డు కొంచెం పైకి లేస్తుంది. తెన్నేటి పార్కు అక్కడే. 2020 అక్టోబరులో వాయుగుండం సమయంలో బంగ్లాదేశ్ నౌక 'ఎం.వి. మా' ఇక్కడి రాళ్ళ దగ్గరికే కొట్టుకొచ్చి చిక్కుకుంది. ఊరు ఊరంతా షూటింగు చూడ్డానికి వచ్చినట్టు వచ్చి చూసింది. జోడుగుళ్ళపాలెం, సాగర్ నగర్... ఎక్కుడూ దిగుడూ వరసగా వస్తాయి. గేరు ముందే తగ్గించుకోండి. ఎక్కుడు మధ్యలో తగ్గిస్తే గొలుసు మొరాయిస్తుంది.

ఆరున్నర ప్రాంతంలో రుషికొండ. మన టైము సరిపోయిందనుకోండి, సూర్యుడు సరిగ్గా అక్కడ దొరుకుతాడు. శుభ్రతకి, భద్రతకి ఇచ్చే 'బ్లూ ఫ్లాగ్' గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ ఇది. కొత్తవాళ్ళకి ఇక్కడే ఓ చిన్న చుట్టు ఉంది. రుషికొండ నుంచి ఎడమకి తిరిగి ఎండాడ మీదుగా హైవే సర్వీసు రోడ్డు పట్టుకుని, జంతు ప్రదర్శనశాల పక్కనుంచి హనుమంతవాక, అక్కణ్ణుంచి బీచ్. మొత్తం పాతిక కిలోమీటర్ల లోపే. పెద్ద చుట్టుకి ముందు రెండు ఆదివారాలు ఇది తిరగండి. మేమూ అదే చేశాం. దాన్ని ట్రైలర్ అనుకోండి!

రుషికొండ దాటాక ఊరు పల్చబడుతుంది. ఎడమపక్క కొండల మీద ఒకచోట రామానాయుడు స్టూడియో, మరోచోట తొట్లకొండ. సినిమాకి పుట్టిల్లు ఒక కొండైతే, రెండువేల ఏళ్ళనాటి బౌద్ధ భిక్షువుల ఇల్లు ఇంకో కొండ! 1976లో నౌకాదళం సర్వే చేస్తుండగా తొట్లకొండ బయటపడింది. 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిగాయి. నీళ్ళు నిలవ చేసుకోడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరు. 128 మీటర్ల ఎత్తు. కాళ్ళలో సత్తువ ఉంటే పైదాకా సైకిలు తొక్కండి, లేదంటే దిగి నడిపించుకుంటూ వెళ్ళండి. భిక్షువులు కూడా నడిచే ఎక్కారు గదా, చిన్నతనమేమీ లేదు! పైనుంచి చూస్తే మీరొచ్చిన రోడ్డంతా పాముకుబుసంలా కనిపిస్తుంది.

మంగమారిపేట దగ్గర ఉప్పుచేపల వాసన ముందు పలకరిస్తుంది, ఊరు తర్వాత. సముద్రం వెనక్కి తగ్గిన వేళ అక్కడి సహజ శిలాతోరణం పూర్తిగా కనిపిస్తుంది. ఒడ్డున తెప్పలు, వలలు. జాలరులు వేటనుంచి తిరిగొచ్చే వేళ అది. వాళ్ళు పనిలో ఉంటారు. కెమెరా మొహాల మీద పెట్టకండి, అడిగి తియ్యండి. మనది సరదా, వాళ్ళది బతుకు.

ఇక కాసేపటికి ఎర్రమట్టి దిబ్బలు! ఎన్ని పాటల్లో చూశారో లెక్కలేదు కదూ? వేల ఏళ్ళపాటు గాలీ నీరూ కలిసి పేర్చిన ఇసుక. దాంట్లోని ఇనుము తుప్పుపట్టి ఎర్రగా అయింది. 2014లో భూవిజ్ఞాన వారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. సైకిలు రోడ్డు మీదే వదిలెయ్యండి. ఆ అంచులు మనిషి కాలు పెడితేనే జారిపోతాయి, చక్రం పడితే మళ్ళీ అతకవు. ఉదయపు ఎండ ఏటవాలుగా పడుతుంటే ఆ ఎరుపు చూడండి... మా మేనకోడలు ఐదు నిమిషాలు ఫోను కూడా బయటికి తియ్యలేదు. ఆ తరానికి అంతకు మించిన ప్రశంస లేదు!

ఇంటర్వెల్: భీమిలి

ఎనిమిదింబావుకి భీమిలి. అక్కకి ఫోను. తర్వాత ఇడ్లీ. ఆ తర్వాత ఇంకో ఇడ్లీ!

భీమునిపట్నం చిన్న ఊరే గాని చరిత్ర పెద్దది. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు ఇక్కడ వర్తకం పెట్టారు. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. 1861లోనే మున్సిపాలిటీ అయింది. గడియార స్తంభం, లైట్ హౌసు, పైన పావురాళ్ళకొండ మీద నరసింహస్వామి గుడి. ఎక్కడో బొర్రా గుహల వైపు కొండల్లో పుట్టిన గోస్తనీ నది ఇక్కడికొచ్చి సముద్రంలో కలుస్తుంది. ఆ సంగమం దగ్గర కూర్చుంటే 'మరోచరిత్ర' ఈ తీరం మీద ఎందుకు తీశారో ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

బావ స్కూటరు మీద వచ్చాడు. మేం టిఫిన్ తింటుంటే ఆయన మేనకోడలి సైకిలు చుట్టూ తిరిగి చూశాడు. బ్రేకు నొక్కాడు. టైరు వేలితో అదిమాడు. "గాలి కొంచెం ఎక్కువ కొట్టించావ్" అన్నాడు. తర్వాత, మమ్మల్నేమీ అడక్కుండా, ఎక్కి కూర్చున్నాడు. సందు చివరిదాకా వెళ్ళి మలుపు తిరిగి కనపడకుండా పోయాడు. నాకు గుండె దడదడలాడింది. మేనకోడలు లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. మూడు నిమిషాలకి వచ్చాడు. "సీటు ఎత్తు చాలదు నాకు" అన్నాడు. అంతే. టీ తాగి స్కూటరు స్టార్టు చేశాడు.

సెకండాఫ్: ఊళ్ళ మీదుగా

భీమిలి నుంచి తగరపువలస దాకా రోడ్డు సముద్రాన్ని వదిలి లోపలికి పోతుంది. గాలి మారుతుంది. ఉప్పు వాసన పోయి పొలాల వాసన వస్తుంది. పది గంటలకి ముందే తగరపువలసలో ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాం. బేరం ఎక్కే ముందే ఆడండి. సైకిళ్ళ కింద గోనె పరిచి, తాడుతో కట్టించండి, లేకపోతే గేరు వంగుతుంది. ఆ ఏడు కిలోమీటర్లూ మేనకోడలు ఆటో వెనక కూర్చుని లారీలు పక్కనుంచి పోవడం చూసింది. ఒక ట్యాంకరు పోయినప్పుడు ఆటో మొత్తం ఊగింది. వెనకాల స్కూటరు మీద వస్తున్న వాళ్ళ నాన్న వైపు చూసింది. ఆ తర్వాత మోసం అన్న మాట ఎత్తలేదు.

ఆనందపురంలో దిగి మళ్ళీ ఎక్కాం. చలికాలం గాలి వెనకనుంచి తోసింది. మధురవాడ, ఎండాడ, కుడిపక్క కంబాలకొండ అడవి, హనుమంతవాక... కాళ్ళు నాకు నొప్పి, ఆ పిల్లకి కాదు. పన్నెండు కాకముందే పెదవాల్తేరులో ఇంటి గుమ్మం ముందున్నాం. అక్క ఇద్దరికీ కాళ్ళకి నీళ్ళిచ్చి, మూడోవాడి మొహం పరిశీలనగా చూసింది.

చివరి రీలు

మీరు బయల్దేరే ముందు ఇవి మరిచిపోకండి. తలకి హెల్మెట్, వెనక ఎర్రదీపం, రెండు సీసాల నీళ్ళు, ఒక స్పేరు ట్యూబు, చిన్న పంపు. భీమిలి దాటేసరికి ఒక సీసా అయిపోవాలి. దాహం వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. గంటకి 15 కిలోమీటర్లు తొక్కగలిగితే చాలు, రేసు కాదిది. మార్చి తర్వాతైతే తొమ్మిదింటికల్లా నీడ పట్టాలి. తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు బీచ్ రోడ్డు జోలికి పోవద్దు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ ఈ తీరాన్ని ఏం చేసిందో విశాఖవాళ్ళనడగండి. ఇంటికి రాగానే సైకిలుని మంచినీళ్ళతో కడిగి, తుడిచి, గొలుసుకి నూనె వెయ్యండి. ఉప్పుగాలి ఒక్క రాత్రిలో తుప్పు మొదలెడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, చుట్టు పూర్తి చెయ్యాలన్న పట్టుదలతో ప్రమాదమైన ముక్క తొక్కకండి. ఆటోకి ఇచ్చిన డబ్బులు ఓటమికి కట్టిన జరిమానా కాదు. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్ళడానికి కొనుక్కున్న టికెట్టు!

ఇంకో మాట. మా బావ ఈమధ్య పాత సైకిళ్ళ షాపుల చుట్టూ తిరుగుతున్నాడు. సీటు ఎత్తుగా ఉండాలిట.